కలిసిన వీధి – పెరిగిన ఊరు

ఒక ఊరి చరిత్రను తెలిసికొనగోరువారు శాసనములను వెదకుదురు. దేవాలయముల గోడలను పరిశీలింతురు. కర్నల్ మెకంజీ సేకరింపించిన కైఫీయతులను తిరుగవేయుదురు. ఇవి యన్నియు అవసరమే. కాని ప్రతి ఊరియందును ఎవరును చదువక విడిచిన శాసన మొకటి కలదు. అది ఆ ఊరి వీధి. ఇల్లు కూలును, మరల లేచును. యజమాని మారును, అంగడి మారును, ప్రభుత్వమే మారును. వీధి మాత్రము తన త్రోవను అంత సులభముగా విడువదు.

దీనికి లోకప్రసిద్ధమైన నిదర్శన మొకటి చూడవచ్చును. 1666వ సంవత్సరమున లండను నగరమునకు నిప్పంటుకొని పదమూడు వేలకు పైగా ఇండ్లు కాలి బూడిద యైనవి. ఊరంతయు బయలైనది. క్రిస్టఫర్ రెన్ అను వాస్తుశిల్పి కొలది దినములలోనే విశాలమైన వీధులతో క్రొత్త నగరమునకు పటము గీచి రాజునకు సమర్పించెను. కాని కాలిన ఇంటివారందరును తమ తమ స్థలములనే కోరిరి. బూడిద క్రింద హద్దులు చెరగిపోలేదు. కొన్ని సందులు వెడల్పు అయినవే గాని నగరము మొత్తముమీద పాత వీధుల వరుసననే తిరిగి లేచినది. మహానగరమును తుడిచిపెట్టిన అగ్ని కూడ వీధిని తుడువలేకపోయెను. కావుననే ఊరు పెరుగునపుడు మొదట ఏర్పడు వీధి విషయమున ఎంత జాగ్రత్త పడినను అది ఎక్కువ కాదు.

ఊరి పెరుగుదలయందు రెండు సంగతులను వేరువేరుగా గమనింపవలెను. మొదటిది విస్తరణము, అనగా ఊరు ఎంత దూరము వ్యాపించినది అనుట. రెండవది కలయిక, అనగా ఆ ఊరి వీధులు ఒకదానితో నొకటి ఎన్ని చోట్ల కలిసినవి అనుట. మొదటిది అందరి కంటికిని కనబడును. రెండవది కనబడదు. కాని ఊరిలో నివసించువారి సుఖదుఃఖములు చాలవరకు ఈ రెండవదాని పైననే ఆధారపడి యున్నవి.

కూడలియు మొండిసందును

తెలుగువారికి ఈ విషయము క్రొత్తది కాదు. నాలుగు దారులు కలియుచోటును చౌరస్తా యనియు, నాలుగు రోడ్ల కూడలి యనియు పిలుతురు. ఒక దారి మరియొక దారికి తగిలి ఆగినచో అక్కడ మూడు దారులే యుండును. ఎదురుగా నున్న ఇంటికి వీధిపోటు తగిలిన దని చెప్పుకొందురు. ఎటును పోక ముగిసిపోవు దానిని మొండిసందు అందురు. ఊరి పటమును ముందుంచుకొని అందులో చౌరస్తాలు ఎన్ని, మూడు దారుల మొగలు ఎన్ని, మొండిసందులు ఎన్ని అని లెక్కించినచో ఆ ఊరి కలయిక ఎట్టిదో తేలిపోవును. నేటి నగరశాస్త్రజ్ఞులు చేయుచున్న లెక్కయు ప్రధానముగా ఇదియే.

ఈ లెక్కకు మూలపురుషుడు ఆయిలర్ అను గణితశాస్త్రజ్ఞుడు. కోనిగ్స్‌బర్గు అను పట్టణమున నదిపై ఏడు వంతెనలు ఉండెడివి. ఏ వంతెనను రెండవమారు దాటకుండ ఏడింటిని దాటి రావచ్చునా అనుట ఆ ఊరివారికి వినోదప్రశ్న. 1736లో ఆయిలర్ అది అసాధ్యమని నిరూపించెను. ఆయన వంతెనల పొడవును కొలువలేదు. వీధుల వెడల్పును అడుగలేదు. ఏ గట్టు ఏ గట్టుతో కలిసినది అను దానిని మాత్రమే చూచెను. దారి ఎంత పొడవు అనుటకంటె ఏది దేనితో కలిసినది అనుట ముఖ్యమని ఆనాడే స్పష్టమైనది.

చిన్న లెక్కతో దీనిని తెలిసికొనవచ్చును. ఒక పేటలో నిలువుగా నాలుగు వీధులు, అడ్డముగా నాలుగు వీధులు గళ్లవలె ఉన్న వనుకొందము. ఒక మూలనుండి ఎదుటి మూలకు వెనుకకు మరలకుండ పోవుటకు 20 త్రోవలు కలవు. అన్నియు సమానమైన దూరమే. వీధులు అయిదేసి యైనచో త్రోవలు 70 అగును. ఇప్పు డదే పేటలో ఒక పెద్ద రోడ్డు, దానికి రెండు ప్రక్కల కొమ్మలవలె మొండిసందులు మాత్రమే ఉన్నవనుకొందము. అప్పుడు ఏ ఇంటినుండి ఏ ఇంటికి పోవలెనన్నను త్రోవ ఒక్కటియే. ఆ ఒక్క త్రోవలో బండి విరిగినను, గొయ్యి త్రవ్వినను, పెండ్లి పందిరి వేసినను పేటయంతయు ఆగిపోవును. పెరటి గోడకు అవతలనున్న బంధువు నింటికి పోవుటకు మైలు దూరము చుట్టి రావలసి వచ్చును.

పూర్వనగరముల మార్గములు

తెలుగు దేశమున పూర్వులు నగరములను నిర్మించినపుడు మార్గములకు ప్రథమస్థాన మిచ్చిరి. కాకతీయుల ఓరుగల్లు దీనికి మంచి దృష్టాంతము. మట్టికోట, రాతికోట చక్రముల వలె చుట్టి యుండగా నడిమిభాగమున నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నేటికిని నిలిచియున్నవి. నాలుగు దిక్కుల ద్వారములనుండి వచ్చు మార్గములు నగరమధ్యమునకు చేరుచుండెను. దేవాలయము చుట్టును పుట్టిన పట్టణములది మరియొక పద్ధతి. తిరుపతియందు గోవిందరాజస్వామి ఆలయము చుట్టునున్న మాడవీధులు అట్టివి. రథము తిరుగవలెనన్నచో వీధి నాలుగు వైపుల కలిసి తీరవలెను. మొండిసందులో రథము తిరుగదు గదా! ఉత్సవమే ఆ పట్టణములకు నిర్మాణసూత్ర మైనది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదును నిర్మించినపుడు నాలుగు రాజమార్గములు కలియుచోట చార్మినారును నిలిపెను. నగరము యొక్క రూపకల్పనలో మీర్ మోమిన్ అస్త్రాబాదీ ముఖ్యుడు. మొదట కట్టినది కూడలి. దాని చుట్టును తరువాత ఏర్పడినది ఊరు. ఈ క్రమమును గుర్తుంచుకొనవలెను. నేడు అనేకచోట్ల జరుగుచున్నది దీనికి వ్యతిరేకము: మొదట ఇండ్లు, తరువాత దారి.

పూర్వనగరములలో మొండిసందులు లేకపోలేదు. పాతబస్తీ గొందులలో ఎటును పోనివి ఎన్నియో కలవు. భద్రతకొరకు ఒక వాడవారు తమ గొందికి తలుపు పెట్టుకొనిన కాలము అది. కాని అవి చిన్నవి. నాలుగు అడుగులు వేసినచో బజారు వచ్చెడిది. అందరును కాలినడకనే తిరిగెడివారు గనుక ఊరు నడకకు మించి పెరుగలేదు. వీధి వంకర యగుట వేరు, కలియకపోవుట వేరు. పాత ఊరి వీధులు వంకరలే. అయినను అవి అడుగడుగునను కలిసినవి.

ఈ సీమలోనే గండికోట కలదు. పెన్న చీల్చిన లోయకును కోటగోడలకును నడుమ ఒక పట్టణము వెలసి, కోవెలలతో, మసీదుతో, ధాన్యాగారముతో విలసిల్లినది. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలియుటకు అక్కడికి వచ్చెను. శత్రువు రాకుండ చేసిన లోయయే దారులను కూడ రానీయలేదు. రాజ్యములు పోయి, కోటకు పని లేకపోయినపుడు ఆ పట్టణము పలుచబడినది. మైదానమున దారుల మీద నున్న జమ్మలమడుగు నిలిచి పెరిగినది. కోట ఊరిని కాపాడును. దారి ఊరిని పెంచును.

పేటలు, రైళ్లు, కాలువలు

1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు దత్తము చేసిన తరువాత థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. ఆంగ్లేయుల కాలమున పట్టణములకు క్రొత్త రూపము వచ్చినది. పాత ఊరికి దూరముగా దండు, కచ్చేరి, దొరల బంగళాలు ఏర్పడెను. 1806లో సికిందర్ జా పేరిట సికిందరాబాదు హుస్సేన్ సాగరమున కావల వెలసినది. ఒక్క నగరము రెండుగా పెరిగి, నడుమ నున్న ఖాళీని నింపుకొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

గుంటూరునందు అరండల్‌పేట, బ్రాడీపేట అను రెండు పేటలు గళ్లపద్ధతిలో ఏర్పడెను. ఒకవైపు లైనులు, వానిని ఖండించుచు అడ్డరోడ్లు. బ్రాడీపేట నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు అని చెప్పినచో ఊరెరుగని వాడును ఇల్లు కనుగొనగలడు. అక్కడ చిరునామాయే పటము. ఆ పేటలు నివాసములుగా పుట్టినవి. క్రమముగా వైద్యాలయములు, పుస్తకముల అంగళ్లు, విద్యాలయములు వచ్చి చేరినవి. ఏ వ్యాపారము వచ్చినను వీధి దానిని భరించినది. కలిసిన వీధి యొక్క గుణ మిదియే. నాటి అవసరమునకు కట్టినది నేటి అవసరమునకును పనికివచ్చును.

అదే గుంటూరులో రైలుమార్గము పాత ఊరిని క్రొత్త ఊరినుండి వేరుచేసినది. రైలు దూరపు ఊళ్లను కలుపును. దగ్గరి వీధులను విడదీయును. కాలువ సంగతియు నింతియే. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తియైన తరువాత ఏలూరు, రైవసు, బందరు కాలువలు విజయవాడ నడుమగా ప్రవహించినవి. ఊరు పెరిగిన కొలది అందరును వంతెన దగ్గరకే చేరవలసివచ్చెను. కాలువల మీది వంతెనలు ఎన్ని యున్నవో అన్నియే ఊరికి కీళ్లు. అయితే కాలువ విడదీయునది మాత్రమే యని తలపరాదు. రోడ్లు లేని లంకగ్రామములకు ఆ కాలువలే రాజవీధులు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడపి గ్రామస్థుల గుమ్మములకు పుస్తకములను చేర్చిన సంగతి గ్రంథాలయోద్యమ చరిత్రలో ప్రసిద్ధము. దువ్వూరు ప్రాంతమునకు నీరిచ్చు కర్నూలు–కడప కాలువను కూడ మదరాసు ఇరిగేషను కంపెనీవారు 1860 తరువాతి దశాబ్దమున పొలములకు నీటికొరకును, పడవల రాకపోకలకొరకును త్రవ్వించిరి. పడవలు ఆగిపోయినవి, నీరు నిలిచినది.

1914 నుండి స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డిస్ భారతదేశమున తిరిగి అనేక పట్టణములను పరిశీలించి నివేదికలు వ్రాసెను. పాత పేటలను పడగొట్టి తిన్నని రోడ్లు వేయవలె నను ఇంజనీర్ల పట్టుదలను ఆయన ఒప్పుకొనలేదు. రోగికి అవసరమైనంతవరకే శస్త్రచికిత్స చేయునట్లు, ఒకచోట శిథిలమైన ఇల్లు తొలగించి సందును తెరచి, మరియొకచోట చెట్టునీడను వదలి, తక్కువ నష్టముతో వీధులను కలుపవచ్చునని తంజావూరు మొదలగు చోట్ల చూపెను. కలయికకు తిన్నదనము అవసరము కాదని ఆయన బోధ. 1920లో మదరాసు రాష్ట్రమున పట్టణ నిర్మాణ శాసన మొకటి వచ్చినది. హైదరాబాదున 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరువాత, 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి ఇరుకు వాడలను విప్పి పత్తర్‌గట్టి వంటి విశాలమైన బజారులను నిర్మించినది.

ప్రొద్దుటూరు చెప్పు పాఠము

దూరపు నగరములను విడిచి దాపునను చూడవలెను. ప్రొద్దుటూరు పెన్నకు ఉత్తరపు గట్టున వెలసినది. శ్రీరామునితో ముడిపడిన స్థలపురాణము దీనిని బ్రధ్నపురి యనును. ఏటిగట్టున ముక్తి రామేశ్వరాలయము కలదు. ఊరిలోని అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును రచించిరని ప్రసిద్ధి. 1915లో పురపాలకసంఘ మేర్పడినది. ప్రత్తి, వేరుసెనగ, నేతబట్టలు, అన్నిటిని మించి బంగారము ఈ పట్టణమును వర్తకకేంద్రము గావించినవి. 2011 లెక్కల నాటికి జనసంఖ్య ఒక లక్షా అరువదివేలకు పైబడినది.

ఈ పట్టణపు వీధుల పేర్లను వరుసగా చదివినచో ఊరి పెరుగుదల గ్రంథము చదివినట్లే. నడిమిభాగమున శివాలయము వీధి, అమ్మవారిశాల చుట్టుప్రక్కల బజారులు: ఇవి దేవునిపేరను, వర్తకము పేరను పిలువబడునవి. ఇది మొదటి పొర. హోమస్‌పేట అను పేరులో ఆంగ్లేయుల కాలము వినవచ్చును. గాంధీరోడ్డు అను పేరులో జాతీయోద్యమము స్ఫురించును. ఇది రెండవ పొర. మైదుకూరు రోడ్డు, కొర్రపాడు రోడ్డు, జమ్మలమడుగు రోడ్డు, ఎర్రగుంట్ల రోడ్డు: ఇవి తమ పేరును తాము పోవు ఊరినుండి తెచ్చుకొన్నవి. ఇది మూడవ పొర. మోడంపల్లె, రామేశ్వరము వంటి పేర్లు ఒకప్పటి పల్లెలను పట్టణము తనలో కలుపుకొన్న గుర్తులు. వీనికి వెలుపల కాలనీలు, నగరులు. ఇది నాలుగవ పొర.

మొదటి పొరలో దేవాలయమునుండి అంగడికి, అంగడినుండి ఇంటికి పలు దారులు కలవు. దసరా ఉత్సవములకు ఇసుక వేసిన రాలనంత జనము వచ్చినను ఆ ఇరుకు వీధులు భరించుచున్నవనిన, ఒక సందు నిండినచో మరియొక సందు గలదు గనుకనే. మూడవ పొరలో దృశ్యము మారును. ఊరు చేతివ్రేళ్లవలె రోడ్ల వెంబడి సాగినది. రోడ్డుముఖమున అంగడి పెట్టినచో బేరము బాగుండును. వెనుకనున్న పొలము పొలముగనే యుండును. వ్రేలికిని వ్రేలికిని నడుమ దారి లేదు. ఒక రోడ్డులోని కొసనుండి ప్రక్క రోడ్డులోని కొసకు పోవలెనన్నచో అరచేయి వంటి ఊరి నడిమికి వచ్చి మరల పోవలసినదే. ఊరిలో పని లేనివాడును ఊరి నడుమగా పోవును. అందుచేత పాత బజారులోని రద్దీకి కారణము పాత బజారు కాదు. వెలుపలి వీధులు తమలో తాము కలియకపోవుటయే.

ప్రకృతియు తోడైనది. దక్షిణమున పెన్న యున్నందున అటు ఊరు సులభముగా సాగలేదు. మదరాసు–బొంబాయి రైలుమార్గము పెన్నకు ఆవల ఎర్రగుంట్లమీదుగా పోయినందున ప్రొద్దుటూరువారు చిరకాలము రైలుకొరకు ఏరు దాటవలసివచ్చెను. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గము 2016లో ప్రారంభమైన తరువాతనే పట్టణమునకు రైలు వచ్చినది. జిల్లా ముఖ్యపట్టణమగు కడపలో ఏడు రోడ్ల కూడలి ప్రసిద్ధము. ఏడు దారులు ఒక్కచోట కలియుట చూచుటకు గొప్పగా నుండును. కాని ఏడింటిని ఒక్క ముడిలో కట్టుటకంటె నాలుగేసి దారులు పది చోట్ల కలియుట ఊరికి మేలు. ఒకే ముడి బిగిసినచో అన్ని దారులును బిగియును.

వీధులు ఏల కలియుటలేదు?

స్వాతంత్ర్యానంతరము నగరముల విస్తరణము పూర్వ మెన్నడును లేని వేగముతో జరిగినది. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధి 170 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించి యుండగా, 2007లో చుట్టునున్న 12 పురపాలక సంఘములను, 8 గ్రామపంచాయతీలను కలుపుటతో అది 625 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. నగరము చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చినది. వలయ రహదారి దూరమును తగ్గించుమాట నిజమే. కాని దాని లోపలి కాలనీలు ఒకదానితో నొకటి కలియనిచో, పెద్ద కాలువ త్రవ్వి పిల్లకాలువలు మరచినట్లే.

ఈ పరిణామము ఈ దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 1929లో రాడ్‌బర్న్ అను చిన్న పట్టణమును కట్టినపుడు, మోటారు కార్లనుండి పిల్లలను కాపాడుటకై ఇండ్లను మొండివీధుల చుట్టును అమర్చిరి. అయితే ఆ ఇండ్ల వెనుకనుండి తోటలగుండ కాలిబాటలు వేసి, నడచువారికి అంతటను దారి కల్పించిరి. తరువాత అనుకరించినవారు మొండివీధిని తీసికొని కాలిబాటను విడిచిరి. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అను ఇరువురు పండితులు 2015లో ప్రకటించిన పరిశోధనయందు, అమెరికాలో క్రొత్తగా వేసిన వీధుల కలయిక 1990 తరువాతి సంవత్సరముల వరకు నానాటికి క్షీణించి, ఆ తరువాత కొంత మెరుగుపడిన దని తేల్చిరి. 2020లో వారే ప్రపంచ మంతటిని పరిశీలించి, 1975 నుండి అనేక దేశములలో క్రొత్త వీధులు పూర్వముకంటె తక్కువగా కలియుచున్నవని చూపిరి. ఒకమారు విడిపోయిన వీధి మరల కలియుట అరుదని వారి హెచ్చరిక.

ఈ సీమలో కారణము మరింత సామాన్యమైనది. అది పొలము గట్టు. ఒక రైతు తన అయిదెకరముల పొలమును ఇండ్లస్థలములుగా విభజింపించును. ప్రక్క రైతు నాలుగేండ్ల తరువాత తన పొలమును విభజింపించును. మొదటి పొలములోని వీధి గట్టువరకు వచ్చి ఆగును. అక్కడ వీధిని వదలినచో మూడు సెంట్ల స్థల మొకటి తగ్గును. ఆ మేరకు సొమ్ము తగ్గును. కావున వీధి కొసనున్న స్థలమును కూడ అమ్మివేయుదురు. అటు ఇల్లు లేచును; వీధి శాశ్వతముగా మూసికొనును. రెండవ పొలములో వీధులు వేరు వరుసలో వచ్చును. పది పొలములు ఇట్లు పేటలైనచో అక్కడ పది పేటలు ఉండునే గాని ఊరు ఉండదు. వింత యేమనగా, తన ఇంటికి వీధిపోటు తగులునేమో యని వాస్తు చూపించుకొను మనిషియే, ఊరి వీధికి తాను పోటు పెట్టుచున్నాడని తలంపడు.

శాసనములు లేకపోలేదు. ఇండ్లస్థలముల విభజనకు అనుమతి పొందవలెననియు, విస్తీర్ణమున నూటికి పదివంతులు ఉమ్మడి ఖాళీస్థలముగా విడువవలెననియు నిబంధనలు కలవు. అనుమతి లేని వెంచర్లను తరువాత రుసుము కట్టించుకొని క్రమబద్ధము చేయుటయు పరిపాటి యైనది. కాగితముమీది తప్పును రుసుము దిద్దగలదు. నేలమీది మొండిసందును ఏ రుసుమును తెరవలేదు.

వీధి కలియనిచో నష్టపడునదెవరు?

వీధి కలియనిచో కారున్నవానికి కొంత పెట్రోలు ఖర్చు. నడచువానికి కలుగు నష్ట మట్టిది కాదు. చంటిబిడ్డ తల్లికి వైద్యశాల దూరమగును. బడిపిల్ల లోపలి వీధులను విడిచి లారీలు తిరుగు పెద్దరోడ్డున నడువవలసివచ్చును. అగ్నిమాపక యంత్రమునకు ఒకే దారియై అది మూసికొనియున్నచో ఇల్లు కాలును. నీటిగొట్టములు కొమ్మలవలె పోయినచో కొసయింటికి ధార సన్నగిలును. రెండువైపుల కలిసినచో ఒకవైపు చెడినను మరియొకవైపునుండి నీరు వచ్చును. మురుగుకాలువకు వాలు దొరకక మొండిసందులో నీరు నిలుచును. బస్సు లోనికి రాదు; రోడ్డుమీదనే ఆగును. ముసలివారు క్రమముగా ఇల్లు కదలరు. ప్రక్కవీధివారు పొరుగూరివారగుదురు.

వీధులు కలిసినంతనే సర్వము చక్కబడు ననుట కాదు. ప్రతి వీధిలోను బండ్లు జోరుగా తిరిగినచో పిల్లలకు ఆటస్థలముండదు. ఇరువదవ శతాబ్ది మధ్యమున నిర్మించిన చండీగఢ్‌లో 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు గల సెక్టార్ల నడుమ వడిగా పోవు రోడ్లను వేసి, లోపల నెమ్మదియైన వీధులను పెట్టిరి. ఆ రోడ్లను దాటుట నడచువారికి కష్ట మను విమర్శయు కలదు. బండికి కొన్ని దారులు చాలును. కాలికి అన్ని దారులు తెరచియుండవలెను. మూయక తప్పని చోట కూడ మనిషియు సైకిలును పోవునంత సందైనను విడిచినచో సగము కీడు తొలగును.

దువ్వూరునకు ఇంకను సమయము కలదు

దువ్వూరు కర్నూలునుండి కడపమీదుగా చిత్తూరు వైపు పోవు జాతీయ రహదారిమీది ఊరు. చాగలమర్రికిని మైదుకూరునకును నడుమ నున్నది. ప్రొద్దుటూరునకును దీనికిని నడుమ కుందూ నది. కాలువనీటి మాగాణి ఈ ప్రాంతపు బలము. ఇట్టి ఊరికి రెండు ఆకర్షణలు తప్పవు. రహదారి వెంబడి సాగుట యొకటి. పొలములను ఒక్కొక్కటిగా ఇండ్లస్థలములు గావించుట రెండవది. మైదుకూరు వంటి నాలుగు దారుల ఊళ్లు ఎంత త్వరగా పెరిగినవో ఈ సీమవారికి తెలియనిది కాదు. పెరుగుట దోషము కాదు. పెద్ద నగరములు కోట్లు వెచ్చించి, ఇండ్లు పడగొట్టి, వంతెనలు కట్టి చేసికొనుచున్న పనిని, చిన్న ఊరు నేడు ఒక కాగితముమీద నాలుగు గీతలతో చేసికొనవచ్చును. ఆలస్యమైన కొలది ఆ గీత ఖరీదు పెరుగుచుండును.

చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. ఊరిచుట్టును రాబోవు ముఖ్యవీధులు ఏ పొలములగుండ పోవలెనో గ్రామసభలో చర్చించి పటముమీద గుర్తించి పంచాయతీ కార్యాలయమున అందరికిని కనబడునట్లు తగిలింపవచ్చును. ఇండ్లస్థలముల పటము అనుమతికి వచ్చినపుడు ఒకే ప్రశ్న అడుగవచ్చును: ఈ వీధి కొస రేపు ఏ వీధితో కలియును? సమాధానము లేని పటమును వెనుకకు పంపవచ్చును. పిల్లకాలువ గట్టును, డొంకదారిని ఆక్రమింపనీయక కాపాడవచ్చును. పూర్వులు బండ్లకొరకు, పశువులకొరకు విడిచిన ఆ డొంకలే రేపటి అడ్డరోడ్లు. స్థలము కొనువాడును గుమ్మము ఏ దిక్కున కలదు అని అడుగుటతో పాటు, వీధి ఎక్కడికి పోవును అని కూడ అడుగవలెను.

గ్రంథాలయముతో ఈ విషయమునకు సంబంధము లేదని తోచవచ్చును. కాని పాఠకుడు గ్రంథాలయమునకు వచ్చునది వీధివెంటనే. సాయంకాలము దీపము పెట్టువేళకు పదినిమిషములలో నడచి రాగల దూరమున ఎన్ని ఇండ్లున్నవో అంతయే ఆ గ్రంథాలయమునకు ఊరు. వీధులు కలిసినచో ఆ పదినిమిషములలో ఊరంతయు ఇముడును. కలియనిచో నాలుగు సందులు మాత్రమే. ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రంథాలయము మరి డెబ్బదియైదేండ్లు నిలిచి శతోత్సవము జరుపుకొనవలెనని ఆశించువారు పుస్తకములను పెంచుటతో పాటు, ఆ పుస్తకములకు వచ్చు దారులను కూడ తెరచి యుంచుదురుగాక. నేడు విడిచిన ఇరువది అడుగుల నేల, రేపు పుట్టబోవు పాఠకుని పాదములకు దారి యగును.